ముందు ఎవరికి పరీక్ష?

సంతానం కోరి హోసూరు చంద్రచూడేశ్వరుని కొండకు వెళ్లేవారిని, రావిచెట్టు క్రింద నాగశిలలకు పాలు పోసే స్త్రీలను మనం చిన్ననాటి నుంచీ చూస్తూనే ఉన్నాము. ఆ భక్తిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ప్రదక్షిణలన్నీ ఇల్లాలి వంతే ఎందుకైనవన్నదే మా సందేహం.

మొన్న కృష్ణగిరిలో మనవారింట సీమంతానికి వెళ్లాము. పేరంటాళ్లు వరుసగా గాజులు తొడుగుతున్నారు. పెళ్లయి ఏడేళ్లయిన ఒక అమ్మాయి వంతు వచ్చేసరికి పెద్దావిడ ఒకరు పళ్లెం పక్కకు జరిపి, “నువ్వు లోపలికి పోయి వక్కాకు సర్దమ్మా” అన్నారు. ఆ పిల్ల నవ్వుతూనే లేచింది. తర్వాత వంటింట్లో మాతో చెప్పింది: హోసూరు నుంచి బెంగుళూరికి ఎన్నిమార్లు తిరిగిందో లెక్క లేదట. రక్తపరీక్షలు, స్కానింగులు, గర్భనాళాల ఎక్స్‌రే అన్నీ అయినవి. భర్తకు మాత్రం ఒక్క పరీక్షా జరగలేదు. “వాడికేమి, దుక్కలా ఉన్నాడు” అని అత్తగారి మాట.

మన భాషలో గొడ్రాలనే మాట ఉన్నది. మగవానికి అటువంటి మాట వాడుకలో లేదు. అయితే పిల్లలు కలుగని దంపతులలో ఇంచుమించు సగంమంది విషయంలో భర్తవైపు కూడా లోపం ఉంటుందని వైద్యులు చెబుతారు. మగతనం వేరు, వీర్యకణాల సంఖ్య వేరు. ఈ రెంటినీ ఒకటిగా ఎంచడం వల్లనే మగవారు జంకుతున్నారు. ఈడు వచ్చాక గవదబిళ్లలు లేచి వృషణాలు వాచినా, అక్కడి సిరలు ఉబ్బినా, కండలకోసం టెస్టోస్టిరాన్ సూదులు వేయించుకున్నా కణాలు తగ్గవచ్చు. పైకి ఏ జబ్బూ కనబడదు.

పరీక్షలో కత్తి లేదు, సూది లేదు. రెండు నుంచి ఏడు రోజులు నియమంగా ఉండి వీర్యం ఇస్తే చాలును. లోపం తేలితే మరల పరీక్షించాలి. కొత్త కణాలు తయారుకావడానికి రెండు నెలలకు పైగా పడుతుంది గనుక సాధారణంగా మూడు నెలలు ఆగుతారు. ఏడాది కాపురం చేసినా గర్భం నిలవకపోతే, భార్యకు ముప్పై అయిదు దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి వైద్యుని చూడాలి.

1978లో ఇంగ్లండులో లూయీ బ్రౌన్ పుట్టుకతో పరీక్షనాళిక శిశువు మాట లోకానికి తెలిసింది. 1992లో బ్రస్సెల్సు వైద్యులు ఒకే ఒక వీర్యకణాన్ని అండంలోనికి ఎక్కించి గర్భాలు నిలిపినట్లు ప్రకటించారు. కణాలు బహుతక్కువగా ఉన్నవారు సైతం దానివల్ల తండ్రులైనారు. అయినా ఇది తప్పక ఫలించే వైద్యం కాదు. భార్య వయస్సు పెరిగినకొద్దీ ఫలం తగ్గుతుంది, ఖర్చు చెప్పనలవి కాదు. పైగా లోపం భర్తదైనా, సూదులు పొడిపించుకొని అండాలు తీయించుకొనేది భార్యే. 2021 చట్టం ప్రకారం రిజిస్టరైన ఆసుపత్రే ఈ చికిత్స చేయాలి. స్త్రీకి 21 నుంచి 50, పురుషునికి 21 నుంచి 55 ఏళ్లు హద్దు. డబ్బు కట్టకముందే ఆ రిజిస్ట్రేషను పత్రం చూడండి.

ఆ అమ్మాయి భర్త పోయినవారం హోసూరులోనే పరీక్ష చేయించుకొన్నాడట. ఫలితమేమని మేము అడగలేదు.