లేత జొన్నమేతతో పశువులకు ప్రాణగండం

వాన మొగం చూడని చేలో నాలుగు చినుకులు పడగానే కోసిన జొన్న మోళ్లు పచ్చగా పిలకలు వేస్తాయి. పలుపు తెంచుకున్న ఎద్దు పరుగెత్తేది అక్కడికే. కడుపు నిండకముందే నోట నురుగు, ఒగర్పు, కాళ్ల తడబాటు. నేలమీద పడి కొట్టుకుంటుంది. ఒక్కోసారి అరగంటలోపే ప్రాణం పోతుంది.

మెట్ట పల్లెల్లో దీన్నే 'నాము తగలడం' అంటారు. అది తెలియక పాము కరిచిందనుకునేవారు, గిట్టనివాళ్లు మందు పెట్టారని పొరుగువారితో తగాదాకు దిగేవారు కూడా లేకపోలేదు.

విషం ఉన్నది పైరులోనే. లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నలిగి పొట్టలో చేరితే అందులోంచి సయనైడ్ విషం పుడుతుంది. నెమరువేసే పశువుల పొట్టలోని సూక్ష్మజీవులు ఈ పనిని మరింత తొందర చేస్తాయి. చలి దేశాల్లో చెర్రీ ఆకులు, గింజలు పెంపుడు పిల్లులకు ప్రమాదమనడం కూడా ఈ విషం మూలానే. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా శరీరం వాడుకోలేదు. అందుకే నాము తగిలిన పశువు రక్తం ఎర్రగా మెరుస్తుంటుంది.

నెలా పదిహేను రోజులలోపు పైరు, కోత తర్వాతి పిలకలు, నీటి ఎద్దడికి వాడిన చేను చాలా ప్రమాదం. యూరియా ఎక్కువ చల్లితే విషం ఇంకా పెరుగుతుంది. పూత దశ దాటాక బాగా తగ్గుతుంది. బాగా ఎండిన చొప్పతో భయం తక్కువే గాని, పొద్దున కోసి సాయంత్రానికి వాడిన మేత ఎండినట్లు లెక్క కాదు.

పశువుల డాక్టరు సకాలంలో సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు నరంలోకి ఎక్కిస్తే పడిపోయిన పశువు కూడా లేచే అవకాశముంది. ఇందులో రెండోది వెనుకటి ఫొటో స్టూడియోల్లో వాడిన హైపోయే. చిక్కల్లా టైముతోనే. 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవవచ్చు. ఈలోగా ఊపిరాడని పశువు నోట్లో వెదురు గొట్టంతో బెల్లం నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

కోత కాగానే మోళ్లు దున్నించే రైతుకు ఈ బెడద ఉండదు. సొంత చేను లేక ఊరి బీళ్లలో, కోసిన చేలలో గొర్రెలు, మేకలు కాచుకునేవారికే ఎక్కువ కష్టం. ఏ చేలో పిలకలు వచ్చాయో మంద తోలకముందే వారు చూసుకోవాలి. చేను గలవారు ముందుగా ఒక మాట చెబితే మంద దక్కుతుంది.