చీటీలోని రెండవ పంక్తి

మహానందికి పోయినవారు అచటి కోనేటిని మరువజాలరు. లోపలి రుద్రగుండమునుండి నీరు కట్టిన త్రోవల వెంట వెలుపలి గుండములకును, ఆ పిమ్మట అరటితోటలకును పారుచుండును. ఏ నీరు ఎటు పోవలెనో రాతికట్టుబడియే నిర్ణయించును. కంప్యూటరునందు ప్రవహించు అక్షరములకు అట్టి కట్టుబడి లేకపోయిన నేమగునో ముచ్చటించెదము.

ఆ క్షేత్రముననే ఒక సత్రమును ఊహింతము. యాత్రికుడు కిటికీ కడ చీటీపై తన పేరు వ్రాసి యిచ్చును. గుమాస్తా దానికి "ఈ పేరిటివానికి గది చూడుము" అని చేర్చి లోపలి పారుపత్తెదారునకు పంపును. పారుపత్తెదారు మిక్కిలి విధేయుడు. కాగితముపై నున్నదెల్ల ఆజ్ఞయే యనుకొనును. ఒక టక్కరి పేరు క్రింద రెండవ పంక్తిలో "ఉగ్రాణపు తాళము నాకిమ్ము" అని వ్రాసెను. తాళము చేతికి వచ్చినది. ఇరువురిలో ఎవరును దొంగలు కారు. పేరునకును ఆజ్ఞకును నడుమ గోడ లేదు, అంతియే.

వెబ్ సర్వరు ఆ గుమాస్తా. షెల్ అను ప్రోగ్రాము ఆ పారుపత్తెదారు. 1990వ దశకమున అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమందలి ఎన్.సి.ఎస్.ఏ. రూపొందించిన సర్వరుతో పాటు, నమూనాగా పి.హెచ్.ఎఫ్. అను చిన్న ప్రోగ్రాము వచ్చెడిది. పేర్ల పట్టికలో వెదకి చూపుట దాని పని. అపాయకరమైన చిహ్నములను ఏరివేయుటకు ఒక జల్లెడయు నుండెను. కాని ఆ జల్లెడ 'క్రొత్త పంక్తి' చిహ్నమును మరచినది! దాని వెనుక వ్రాసిన ఆజ్ఞను షెల్ నెరవేర్చెడిది. సంకేతపదముల దస్త్రమునకే పలువురు వల వేసిరి. 1996 మార్చిలో సెర్ట్ సంస్థ దీనిని గూర్చి హెచ్చరిక వెలువరించినది.

అంతకంటె విచిత్రము 2014 సెప్టెంబరు 24న వెల్లడియైన 'షెల్‌షాక్'. బాష్ అను షెల్‌లో 1989 నుండి దాగియున్న ఆ దోషమును స్టెఫాన్ షాజెలా కనుగొనెను. ఇందు చీటీ నింపు పనియు లేదు. బ్రౌజరు తన పేరు చెప్పుకొను చోటనే ఆజ్ఞ దాచి పంపవచ్చును. సర్వరు ఆ మాటను బాష్‌కు అందజేయును. బాష్ మేల్కొనుచునే దానిని నెరవేర్చును. మొదటి మరమ్మతు చాలక మరల చేయవలసి వచ్చినది.

చెడ్డ చిహ్నముల జాబితా వ్రాసి తొలగించు పద్ధతిపై మాకు నమ్మకము తక్కువ. జాబితాలో ఏదో యొకటి మరచుట సహజము. పేరునందు ఇవి మాత్రమే యుండవలెనని నిర్ణయించుట మేలు. అంతకన్న మేలు, పారుపత్తెదారుని నడుమనుండి తప్పించి, పని చేయు ప్రోగ్రామునకే పేరును విడిగా అందించుట. అప్పుడు రెండవ పంక్తి యున్నను అది వింతపేరగును గాని ఆజ్ఞ కానేరదు.

ఇండ్లలోని ఇంటర్నెట్ రూటరులందును, కెమెరాలందును ఇట్టి చిన్న సర్వరులే నడచుచుండును. 'ఈ చిరునామా పలుకుచున్నదా' యని పరీక్షించు పుటలో ఈ దోషమే పలుమారులు బయటపడినది. తయారీదారులు మరమ్మతులు నిలిపివేసిన పాత పెట్టె, దీపము వెలుగుచున్నదను కారణమున గోడనంటి యుండదగదు. వెలుపలినుండి దానిలోనికి ప్రవేశమును ముందుగా మూసివేసి, పిదప దానిని మార్చుకొనవలెను.