గెలాక్సీలు గుంపులు కడతాయెందుకు?

బట్టలు నానబెట్టిన బకెట్‌లో నురగను దగ్గరగా చూశారా? బుడగల లోపలంతా ఖాళీ, సబ్బునీరు వాటి గోడల్లోనే ఉంటుంది. ఆకాశంలో గెలాక్సీలూ దాదాపు అలాగే సర్దుకున్నాయి. 1986లో అమెరికాలో వాలెరీ డి లాపరెంట్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా సుమారు 1,100 గెలాక్సీలతో ఒక పటం గీశారు. వాటి వెలుగు ఎరుపు వైపు ఎంత జరిగిందో చూసి దూరాలు లెక్కగట్టారు. తీరా చూస్తే, పటంలో చేతులు చాచి నిలబడ్డ మనిషి బొమ్మ! ఆ బొమ్మ మొండెమంతా కోమా అనే గెలాక్సీల గుంపు. చుట్టూ పెద్ద పెద్ద ఖాళీలు.

ఎందుకిలా? విశ్వానికి 3,80,000 ఏళ్లప్పుడు బయల్దేరిన వెలుగును ఇప్పటికీ కొలవొచ్చు. అందులో ఒకచోటికీ మరోచోటికీ వేడిలో తేడా లక్షలో ఒక వంతు. అంటే పదార్థం అప్పుడు ఇంచుమించు సమంగానే పరుచుకుని ఉంది. కానీ ఆ పిసరంత తేడాయే చాలింది. కాస్త ఎక్కువున్న చోటు గురుత్వాకర్షణతో చుట్టుపక్కల పదార్థాన్ని లాక్కుంది, బరువెక్కింది, ఇంకా లాక్కుంది. ఉన్నవాడికే మరింత చేరినట్టన్నమాట! ఈ లాగుడులో పెద్ద వాటా కంటికి కనబడని కృష్ణపదార్థానిది.

ఈ గుంపులు ఒకప్పుడు ఎలా ఉండేవో చూడొచ్చు కూడా: ఎంత దూరం చూస్తే కాలంలో అంత వెనక్కి చూసినట్టే. మీనరాశి దిక్కున ఉన్న ‘సరస్వతి’ అనే గెలాక్సీల మహాసమూహాన్ని పుణె శాస్త్రవేత్తలు 2017లో ప్రకటించారు. దాని వెలుగు మనల్ని చేరడానికి 300 కోట్ల ఏళ్లకు పైగా పట్టింది. అది బయల్దేరేనాటికి మన భూమి వయసు 100 కోట్ల ఏళ్లు దాటిందంతే. అప్పటికే విశ్వం మరింత వేగంగా విస్తరించడం మొదలైంది. దాంతో పదార్థం దూరదూరంగా జరిగిపోతూ, గుంపులు పెరగడం మందగించింది.