వెనకబడిన వాళ్లకీ గెలుపు దక్కే రేసు: ఇంటిల్లిపాదీ ఆడుకునే కార్ట్ ఆట

ఈద్ రోజు మధ్యాహ్నం. గురజాలలో నానీ ఇంట్లో పిల్లలంతా చేరారు. నరసరావుపేట నుంచి ఖాలా పిల్లలు, మాచర్ల నుంచి మామూ పిల్లలు వచ్చారు. షీర్ ఖుర్మా అయింది, బిర్యానీ అయింది. ఆ తర్వాత చూస్తే ఏముంది? ఒకే చాప మీద ఆరుగురు, ఆరు ఫోన్లు. ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. ఇది ఏ ఒక్క ఇంటి సంగతో కాదు.

ఫోన్లు లాక్కుంటే గంటసేపు అలకలు. వదిలేస్తే సాయంత్రం దాకా మౌనం. ఇంకో దారి కూడా ఉంది. అవే ఫోన్లతో అందరూ కలిసి ఒకే ఆట ఆడుకోవచ్చు. అలాంటి ఆటల్లో ఇంటిల్లిపాదికీ తేలిగ్గా పట్టుబడేది కార్ట్ రేసింగ్.

అసలు ఏమిటీ ఆట?

కార్ట్ అంటే పైకప్పు లేని చిన్న బండి. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే మెకానిక్ మొదటి గో-కార్ట్ తయారు చేశాడు. వీడియో గేముల్లో ఈ బండికి పేరు తెచ్చింది జపాన్ కంపెనీ నింటెండో. 1992లో వచ్చిన సూపర్ మారియో కార్ట్‌లో ఇద్దరు ఒకే టీవీ ముందు కూర్చుని పోటీ పడొచ్చు. 1996లో వచ్చిన మారియో కార్ట్ 64తో ఆ ఇద్దరు నలుగురయ్యారు. 2025 జూన్‌లో వచ్చిన మారియో కార్ట్ వరల్డ్‌లో ఒక్కో రేసులో 24 బండ్లు పరుగెడతాయి.

మామూలు కారు రేసు గేముల్లో చెయ్యి తిరిగినవాడిదే గెలుపు. ఇక్కడ అలా కాదు. దారిలో గిఫ్టు పెట్టెలుంటాయి. బండితో తగిలితే ఏదో ఒక వస్తువు దొరుకుతుంది. దాన్ని ముందువాడి మీద విసరొచ్చు, వెనకవాడి దారికి అడ్డం పడేయొచ్చు, లేదా ఆ ఊపుతో మనమే దూసుకుపోవచ్చు.

చిన్నవాళ్లకీ ఛాన్సు ఎలా?

ఈ ఆట కిటుకంతా ఇక్కడే ఉంది. పెట్టెలో ఏం దొరుకుతుందనేది మీరు ఎన్నో స్థానంలో ఉన్నారనే దాన్ని బట్టి మారుతుంది. మారియో కార్ట్‌లో ముందున్నవాడికి ఎక్కువగా అరటితొక్క లాంటి చిన్నవే వస్తాయి. బాగా వెనకబడినవాళ్లకు నాలుగైదు బండ్లను ఒక్కసారి దాటించే బలమైన వస్తువులు వస్తాయి. మొదటి స్థానంలో ఉన్నవాణ్ణే వెతుక్కుంటూ వెళ్లి కొట్టే నీలం చిప్ప కూడా ఒకటుంది.

అందుకే ఇంటర్ చదివే భాయి మొదటి రెండు రౌండ్లు ముందున్నా, మూడో తరగతి చెల్లి చివరి మలుపులో దాటేయొచ్చు. ప్రతిసారీ అలా జరగదు. కానీ జరగొచ్చన్న ఆశ చివరిదాకా ఉంటుంది. ఎప్పుడూ ఓడిపోయే ఆటలో చిన్నపిల్లలు ఎంతసేపు కూర్చుంటారు? రెండు రేసులకే లేచిపోతారు. ఈ ఆట వాళ్లను కూర్చోబెడుతుంది.

ఖర్చు లేకుండా, ఇంటర్నెట్ లేకుండా

ఇప్పుడు మారియో కార్ట్ పెద్ద గేములు ఆడాలంటే నింటెండో మిషన్ కొనాలి. అది అందరి వల్లా కాదు. దానికి బదులు సూపర్ టక్స్ కార్ట్ అనే ఉచిత గేమ్ ఉంది. ప్రపంచం నలుమూలల నుంచీ వలంటీర్లు కలిసి తయారు చేస్తున్న ఓపెన్ సోర్స్ గేమ్ ఇది. లైనక్స్ పెంగ్విన్ టక్స్ ఇందులో ముఖ్య పాత్ర. ప్రకటనలు లేవు, లోపల కొనాల్సినవీ లేవు. ఆండ్రాయిడ్ ఫోన్లో, విండోస్ కంప్యూటర్లో నడుస్తుంది. 2019లో వచ్చిన 1.0 వెర్షన్‌తో నెట్‌వర్క్ మీద కలిసి ఆడే వీలు వచ్చింది.

పద్ధతి ఇలా:

1. అందరి ఫోన్లలో ముందే గేమ్ దించుకోండి. వెర్షన్ ఒకటే ఉండేలా చూసుకోండి.
2. ఒక ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, మిగతా ఫోన్లను దాని వైఫైకి కలపండి. డేటా బ్యాలెన్సు లేకపోయినా ఫర్వాలేదు.
3. గేమ్‌లో ఆన్‌లైన్ నొక్కి, లోకల్ నెట్‌వర్కింగ్‌లోకి వెళ్లండి. ఒకరు క్రియేట్ సర్వర్ నొక్కాలి, మిగతావాళ్లు ఫైండ్ సర్వర్ నొక్కి అందులో చేరాలి.
4. మొదట్లో నావిస్ స్థాయే పెట్టండి. బండ్ల వేగం తక్కువగా ఉంటుంది, కొత్తవాళ్లు కంగారు పడరు.

ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంటే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి కలిపి, తెర రెండు భాగాలుగా చేసుకుని ఇద్దరు ఆడొచ్చు. మిగతావాళ్లు చూస్తూ అరుస్తారు. అసలు సందడి అక్కడే.

కొత్తవాళ్లకు ఒక్కమాట: ఈ గేమ్‌లో అరటిపండు తగిలితే నష్టమే. బండి వెనక గొడుగు తెరుచుకుని వేగం తగ్గుతుంది, లేదా బాంబు అంటుకుంటుంది. బాంబు అంటుకుంటే పక్కవాడి బండిని గుద్దండి, అది వాడికి మారిపోతుంది!

జాగ్రత్త పడాల్సింది ఎక్కడ?

ఆటలో పందెం పెడితే ఏమవుతుందో గురజాలకు వేరే చెప్పక్కర్లేదు. కోడిపందెంలో ఓడి మలిదేవుడి పక్షం అడవులపాలైన కథ, అది కారంపూడి యుద్ధం దాకా పోయిన కథ మన పల్నాడుదే. ఫోన్ గేముల్లోనూ అలాంటి ఎర ఉంది. మారియో కార్ట్ టూర్ అనే ఫోన్ గేమ్ 2019లో వచ్చినప్పుడు, ఏ బండి దొరుకుతుందో తెలియకుండానే అదృష్టం మీద ఆడించే పైపులు అందులో ఉండేవి. విమర్శలు ఎదుర్కొన్న ఆ పద్ధతిని కంపెనీ 2022లో తీసేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టమే చేసింది. కాబట్టి పది రూపాయలైనా సరే, ఇంట్లో పందెం వద్దు. ఫోన్లో బ్యాంకు కార్డు, యూపీఐ కలిపి ఉంటే కొనుగోళ్లకు పాస్‌వర్డ్ పెట్టండి.

రెండోది, అపరిచితులు. గ్లోబల్ సర్వర్లలో ఎవరెవరో ఉంటారు, చాటింగ్ కూడా ఉంటుంది. పిల్లలకు ఇంటి హాట్‌స్పాట్ చాలు.

మూడోది, టైము. "అరగంటే" అంటే రేసు మధ్యలో ఎవరూ ఆపరు, గొడవే మిగులుతుంది. ముందే "ఐదు రేసులు" అని చెప్పుకోండి. ఒక్కో రేసు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి లెక్క తేలిక. రెండు నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలకు మాత్రం రోజంతా కలిపి గంటకు మించి స్క్రీన్ వద్దని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. రెండేళ్లు నిండని వాళ్లకు అసలే వద్దంది.

ఇక చివరి మాట పెద్దవాళ్లకు. ఫోన్లు నాలుగే ఉండి పిల్లలు ఆరుగురుంటే, ఓడినవాళ్లు లేవాలని పెట్టకండి. అలా పెడితే చిన్నవాళ్లే ఎప్పుడూ బయట ఉంటారు. రేసుకు ఇద్దరు చొప్పున వంతులు మారాలి. వంటింట్లో పనిలో ఉన్న ఆపాకీ ఒక వంతు ఉంచండి. అమ్మీ, అబ్బా కూడా ఒక్క రేసుకైనా కూర్చోండి. మీరు చివరికొస్తారు, పిల్లలు నవ్వుతారు. "ఇలా తిప్పాలి అమ్మీ" అని నేర్పిస్తారు. పొద్దున్నుంచి ఒక్కమాట మాట్లాడని పిల్లాడు అప్పుడు మీ పక్కనే కూర్చుని మాట్లాడతాడు.