తాతకేం పిచ్చి?

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో బడికి వెళ్ళే పిల్లకు టీచరు ఒక హోంవర్కు ఇస్తుంది. మీ తాతగారి హాబీలేమిటో కనుక్కుని రాసుకురమ్మంటుంది. పిల్ల హైదరాబాద్‌లోని ఉప్పల్‌కు వీడియో కాల్ చేసి అడుగుతుంది. అవతల నుంచి వచ్చేది దాదాపు ఎప్పుడూ ఒకే జవాబు: "నాకేం హాబీలుంటయ్ బిడ్డా, ఖాళీగనే ఉంట." కాగితం మీద ఆ గడి అలాగే మిగిలిపోతుంది.

తప్పు తాతది కాదు, ప్రశ్నది. తెలుగిళ్ళలో హాబీ అనే మాట బడి దరఖాస్తుల్లోనూ పెళ్ళిచూపుల్లోనూ తప్ప పెద్దగా వినపడదు. కాలక్షేపం అంటారు, వ్యాపకం అంటారు, చనువుంటే పిచ్చి అంటారు. పేపరు పిచ్చి, మొక్కల పిచ్చి, క్రికెట్ పిచ్చి. ఎవరి పిచ్చి గురించి వాళ్ళు చెప్పుకోరు, పక్కవాళ్ళే చెప్పాలి. కాబట్టి తాత సంగతి నానమ్మను అడగాలి. నానమ్మ సంగతి తాతను అడిగితే ఇక ఆ పూటకు ఫోన్ పెట్టరు.

ఉప్పల్, పక్కనే ఉన్న నాచారం తాతల పిచ్చిలు అర్థం కావాలంటే వాళ్ళు ఎక్కడెక్కడ పనిచేసి రిటైరయ్యారో కొంచెం తెలియాలి. రికార్డుల్లో ఉప్పల్ పేరు ఉప్పల్ కలాన్. కలాన్ అంటే పారసీలో పెద్ద అని. 2007లో జీహెచ్ఎంసీలో కలిసేదాకా దానికి సొంత మునిసిపాలిటీ ఉండేది. తార్నాక నుంచి ఉప్పల్ వచ్చే రోడ్డు పొడవునా పరిశోధనశాలలు: భూమి లోపలి సంగతులు చూసే ఎన్‌జీఆర్‌ఐ 1961లో మొదలైంది, జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ 1977లో. రసాయనాల మీద పరిశోధన చేసే ఐఐసీటీ వీటికంటే పాతది, 1944లో నిజాం కాలంలోనే పుట్టింది. 1989లో పేరు మారినా పాతకాలపువాళ్ళు ఇప్పటికీ దాన్ని ఆర్‌ఆర్‌ఎల్ అనే అంటారు. నాచారంలో పారిశ్రామికవాడ, షిఫ్టు డ్యూటీలు. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా. 1767లో మొదలైన ఆ సంస్థలో పనిచేసి వచ్చిన తాతను మాత్రం దారి అడగకూడదు. "ఆ సందులోంచి పోండి" అని ఊరుకోరు, కాగితం తీసి ఉత్తరం దిక్కుకు బాణం గుర్తు వేశాకే సందు గీస్తారు.

ఎక్కడ పనిచేసి వచ్చినా తాతలు పొద్దున ఐదింటికే లేస్తారు. పాల ప్యాకెట్టు వచ్చేలోపు లెక్క ఒకటి తేల్చుకోవాలి. అమెరికాలో ఏడాదికి రెండుసార్లు గడియారం జరుపుతారు, ఇండియాలో జరపరు. డాలస్‌కూ హైదరాబాద్‌కూ తేడా ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. మనవరాలు బడి నుంచి వచ్చిందా, తిన్నదా, పడుకునే వేళయిందా అన్నది తాత నోటిలెక్కన చెప్పేస్తారు. నవంబరులో మారే గంటను మరిచిపోయి ఫోన్ చేస్తే అవతల ఎవరూ ఎత్తరు. ఆ రోజంతా ఇంట్లో కొంచెం కంగారు.

తర్వాత పేపరు. సగం మంది తాతలు చివరి పేజీ నుంచి, అంటే ఆటల పేజీ నుంచి మొదలుపెడతారు. గళ్ళ నుడికట్టు పూర్తికాకుండా ఆ పేపరు ఎవరికీ ఇవ్వరు. నిలువు ఏడు, అడ్డం పన్నెండు అంటూ వంటింట్లోకి కేకలు పెడతారు. జవాబు చాలాసార్లు నానమ్మే చెబుతుంది. పెన్ను మాత్రం ఆయన చేతిలోనే ఉంటుంది.

మొక్కల పిచ్చి గురించి రాయడానికి చాలా ఉంది. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద వెళ్తే నారపల్లి వస్తుంది. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి అక్కడ తమ ఇంటి మిద్దె మీదే కూరగాయలు పెంచి, ఆ అనుభవాన్ని పుస్తకంగా రాశారు. ‘మిద్దెతోట’ అనే మాట తెలుగిళ్ళలో ఇంతగా వాడుకలోకి రావడంలో ఆయన పాత్ర పెద్దది. మిద్దె మీద కుండీలు ఇదివరకూ ఉండేవి, కానీ అవి పూలకుండీలు. ఇప్పుడు రంగుల డబ్బాల్లో గోంగూర, పాత బకెట్లలో టమాటా, థర్మాకోల్ పెట్టెల్లో తోటకూర, పిట్టగోడ మీదుగా పాకే బచ్చలి తీగ. ఎర్రమట్టి, పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపితే మట్టి సిద్ధం. ఆకులకు పురుగు కనపడితే పుల్లటి మజ్జిగ నీళ్ళలో కలిపి చల్లుతారు. పురుగుల సంగతి సరే, కోతులొస్తే మజ్జిగ పనిచేయదు. అప్పుడు తాత కర్ర పట్టుకుని మిద్దె మీద కాపలా కాస్తారు. మార్కెట్లో పదిహేను రూపాయలకు దొరికే పాలకూర కట్టకు ఇంత కష్టమా అని నానమ్మ అడుగుతుంది. కోసిన పాలకూరను పక్కింటికి పంపేది మాత్రం ఆమే.

నాచారం అనగానే కొందరు తాతలకు ఫ్యాక్టరీ కాదు, సినిమా స్టూడియో గుర్తొస్తుంది. చిన్న వయసులోనే పోయిన పెద్దకొడుకు రామకృష్ణ పేరుతో ఎన్.టి. రామారావు అక్కడ స్టూడియో కట్టారు. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ను అక్కడే తీశారు. కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ ఆయనవే, దర్శకత్వమూ ఆయనదే, సినిమా నిడివి నాలుగు గంటలకు కాస్త అటూ ఇటూ. కొండవీటి వెంకటకవి రాసిన దుర్యోధనుడి సంభాషణలు గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పడం ఆ తరానికి ఒక పందెం. డెబ్బై దాటినా కొందరు పెళ్ళిళ్ళలో మైకు దొరికితే వదలరు. సగంలో ఊపిరాడక ఆగిపోతే, కింద కుర్చీల్లోంచి ఇంకో తాత అందుకుంటారు. అన్నట్టు, రామారావుకు కూడా మనవడంటే ముచ్చటే. 1991లో వచ్చిన ‘బ్రహ్మర్షి విశ్వామిత్ర’లో మనవడు తారక్‌కు తానే మేకప్ వేయించి కెమెరా ముందు నిలబెట్టారు. ఆ సినిమా వచ్చేనాటికి మనవడికి ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. అమెరికా పిల్లలు ‘ఆర్ఆర్ఆర్’లో కొమురం భీముడిగా చూసింది ఆ తారక్‌నే.

ఇక అసలు పిచ్చి, క్రికెట్. ఉప్పల్ స్టేడియం రాకముందు పెద్ద మ్యాచ్ చూడాలంటే ఫతేమైదాన్‌కు, అంటే లాల్ బహదూర్ స్టేడియానికి పోవాలి. 2005 నవంబరు 16న దక్షిణాఫ్రికాతో ఉప్పల్‌లో మొదటి వన్డే జరిగింది. యువరాజ్ సెంచరీ కొట్టాడు, అయినా ఇండియా ఓడిపోయింది. ఆ ఓటమి కాలనీవాళ్ళను పెద్దగా బాధపెట్టలేదు, మ్యాచ్ ఇంటి దగ్గరికే వచ్చిందన్న సంబరమే ఎక్కువ. గుండె పగిలింది 2009 నవంబరు 5న. ఆస్ట్రేలియా 350 కొట్టింది, సచిన్ ఒక్కడే 175 చేశాడు, ఇండియా 347 దగ్గర ఆగిపోయింది. మూడంటే మూడే పరుగులు. ఆ రాత్రి సంగతి ఎత్తితే ఉప్పల్ తాతలు ఈనాటికీ ఎవరు ఏ బంతికి ఎలా అవుటయ్యారో వరసగా చెబుతారు. సచిన్ అవుటయిన దగ్గరికి వచ్చేసరికి మాట మారుస్తారు. 2023 జనవరిలో శుభ్‌మన్ గిల్ న్యూజిలాండ్ మీద 208 కొట్టినప్పుడు కొంత శాంతించారు.

స్టేడియానికి దగ్గర్లో ఉండే ఇళ్ళలో ఒక తమాషా ఉంది. టీవీలో బౌలర్ ఇంకా పరిగెత్తుతూనే ఉంటాడు, కిటికీలోంచి జనం అరుపు వచ్చేస్తుంది. కిలోమీటరు దూరం దాటడానికి శబ్దానికి మూడు సెకన్లు చాలు. స్టేడియం నుంచి ఉపగ్రహానికి పోయి టీవీలోకి దిగే బొమ్మకు అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది, ఫోన్‌లో చూసేవాళ్ళకు ఇంకా ఆలస్యం. అందుకే ఆ ఇళ్ళవాళ్ళకు టీవీ బొమ్మ తెలిసిన సంగతినే మళ్ళీ చూపిస్తుంది. 2024 మార్చిలో ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ ముంబై మీద 277 కొట్టిన రాత్రి, మరుసటి ఏడాది రాజస్థాన్ మీద 286 కొట్టిన రోజు ఆ కిటికీలు మూసినా లాభం లేకపోయింది. అలాంటప్పుడు తాత ఫోన్ కలిపి ఉంచితే అమెరికా మనవడికి చిరాకు. వాడి తెరమీద బంతి ఇంకా వేయలేదు, ఇక్కడ తాత "సిక్స్!" అని లేచి నిలబడతారు.

నానమ్మ పిచ్చి ఏమిటని తాతను అడిగితే ముందు తొక్కు సంగతి ఎత్తుతారు. వరంగల్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఇళ్ళలో అది మామిడికాయ తొక్కు, అల్లం వెల్లుల్లి ముద్ద పడాల్సిందే. విజయవాడ వైపు వాళ్ళింట్లో ఆవకాయ, దానికి ఆవపిండి ఘాటు. పక్కపక్క ఫ్లాట్లలో రెండు రకాలూ ఉంటాయి, రెండు గిన్నెలూ చేతులు మారతాయి. ఎవరిది మంచిదో తేల్చడానికి ఈ వ్యాసకర్తకు ధైర్యం లేదు. ఏప్రిల్, మే నెలల్లో కాయ ముక్క కొరికి చూసి, పులుపు చాలదని బేరం వదిలేసి నాలుగు బండ్లు తిరగడం కూడా ఆ పిచ్చిలో భాగమే.

ఈమధ్య తొక్కు పిచ్చికి ఇంకో పిచ్చి తోడైంది: బస్సు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. రాష్ట్రంలో ఉండే ఆడవాళ్ళకు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ ఉచితం. కండక్టరు టికెట్ కొట్టి ఇస్తాడు, దాని మీద సున్నా రూపాయలని ఉంటుంది. అందరూ దాన్ని జీరో టికెట్ అంటారు. ఉప్పల్ చౌరస్తా వరంగల్ దారికి గుమ్మం లాంటిది, యాదగిరిగుట్ట బస్సులూ అక్కడే ఎక్కొచ్చు. అదివరకు గుట్టకు పోవాలంటే కొడుకు సెలవు, కారు, పెట్రోలు అన్నీ కుదరాలి. ఇప్పుడు నలుగురు నానమ్మలు పొద్దున గుడి దగ్గర మాట్లాడుకుని, పులిహోర డబ్బా సంచిలో పెట్టుకుని బయల్దేరుతున్నారు. నల్లరాతితో మళ్ళీ కట్టిన గుట్ట గుడి 2022 మార్చిలో తెరిచాక దాన్ని చూడనివాళ్ళు ఆ గుంపులో ఉండరు. తాత వెంట వస్తే ఆయనకు మాత్రం టికెట్ కొనాలి. "నీతో వస్తే దండగ" అని నానమ్మ నవ్వుతుంది.

ఉప్పల్ చౌరస్తాలో 2023లో తెరిచిన స్కైవాక్‌కు లిఫ్టులున్నాయి, మోకాళ్ళ నొప్పులున్నా రోడ్డు దాటడం ఇప్పుడు తేలికైంది. లిఫ్టు దిగి, సీటు దొరికి, బస్సు కదిలాకే నానమ్మ సంచిలోంచి ఫోన్ తీస్తుంది. అమెరికాలో అప్పటికి రాత్రి, మనవరాలు హోంవర్కు ముందేసుకుని అడుగుతుంది: "నానమ్మా, తాత హాబీలేంటో నువ్వు చెప్పు."

"ఒకటా రెండా బిడ్డా, చెప్త రాసుకో. అగో, ఆగు ఆగు. కండక్టరొచ్చిండు, ఆధార్ కార్డు తీయాలె."