ఒక్క పౌండుకు చేతులు మారిన క్లబ్బు

ఫుట్‌బాల్ క్లబ్బు ఎవరిది అన్న ప్రశ్నకు చట్టం ఇచ్చే జవాబూ, అభిమాని ఇచ్చే జవాబూ ఒకటి కావు. ఇంగ్లండులోని వృత్తి క్లబ్బుల్లో అత్యధికం పరిమిత బాధ్యత గల కంపెనీలు. వాటాలు ఎవరి పేరున ఉంటే వారే యజమానులు, ఆ వాటాలను నచ్చిన ధరకు నచ్చినవారికి అమ్ముకునే హక్కూ వారిదే. అభిమాని చేతిలో ఉండేది సీజన్ టికెట్టు, అంటే ఏడాది పొడవునా సొంత మైదానంలో జరిగే మ్యాచ్‌లు చూడడానికి ముందే సొమ్ము కట్టి తీసుకునే ప్రవేశ పత్రం మాత్రమే. జట్టు ఆడుతున్నంతకాలం ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. ఉత్తర ఇంగ్లండులోని బెరీ పట్టణానికి 2019 ఆగస్టులో దాన్ని పట్టించుకోక తప్పలేదు. ఆ నెల మొదటి తేదీన మూడో అంచె లీగులో ఆడవలసిన జట్టుగా ఉన్న బెరీ ఫుట్‌బాల్ క్లబ్బు, 27వ తేదీ రాత్రికి ఏ లీగులోనూ లేని జట్టయింది. ఈలోగా అది ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆడనిస్తే కదా ఓడడానికి.

మాంచెస్టరుకు ఉత్తరాన సుమారు 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెరీ, నూలు మిల్లుల మీద పెరిగిన పట్టణం. నాడెను చేత్తో అందించే పని లేకుండా, తాడు లాగితే చాలు అది పడుగు మధ్యగా దూసుకుపోయే ఏర్పాటును 1733లో కనిపెట్టిన జాన్ కే ఈ ప్రాంతంవాడే కనుక, ఫ్లై షటిల్ మగ్గం మీద నేసే మన చేనేత ఊళ్ళకు ఈ పట్టణంతో తెలియని చుట్టరికం ఒకటి ఉంది. 1850 నాటి ఫ్యాక్టరీ చట్టం మిల్లుల్లో శనివారం పనిని మధ్యాహ్నం రెండు గంటలకు ఆపించిన తర్వాత, కార్మికులకు దొరికిన ఆ పూటను క్రమంగా ఫుట్‌బాల్ ఆక్రమించింది. ఇంగ్లండు మ్యాచ్‌లు నేటికీ శనివారం మూడు గంటలకు మొదలయ్యే ఆనవాయితీ ఆ మిల్లు గంట నుంచి వచ్చినదే.

1885లో రెండు చర్చి జట్లు ఏకమై బెరీ క్లబ్బుగా ఏర్పడి, గిగ్ లేన్ అనే వీధి పక్కన ఎర్ల్ ఆఫ్ డెర్బీ అనే ప్రభువు స్థలంలో ఆట మొదలుపెట్టాయి. 1922లో ఆ ప్రభువు వంశం మైదానాన్ని క్లబ్బుకే దానంగా ఇచ్చింది. 1894లో లీగులో చేరిన జట్టు తొలి ఏడే రెండో డివిజన్‌ను నెగ్గింది. చిన్నా పెద్దా తేడా లేకుండా దేశంలోని వందలాది క్లబ్బులు పోటీపడే ఎఫ్.ఏ. కప్పును 1900లోనూ 1903లోనూ గెలుచుకుంది. 1903 ఫైనల్లో డెర్బీ కౌంటీని 6-0తో ఓడించిన ఆ తేడాను, 2019 మే నెలలో మాంచెస్టర్ సిటీ వాట్‌ఫర్డ్ మీద అదే స్కోరుతో గెలిచేవరకు, 116 ఏళ్ళపాటు మరే జట్టూ అందుకోలేకపోయింది. రికార్డు పంచుకున్న మూడు నెలలకే బెరీకి లీగులో చోటే లేకుండా పోయింది.

పతనం ఆగస్టులో బయటపడినా, దాని మూలం చాలా వెనకటిది. 2013లో స్టూవర్ట్ డే అనే స్థిరాస్తి వ్యాపారి క్లబ్బును తీసుకున్న తర్వాత, టికెట్ల రాబడికి మించిన జీతాలతో ఆటగాళ్ళు వచ్చారు, దానంగా వచ్చిన మైదానం తనఖాలోకి వెళ్ళింది. మైదానం బయట కార్లు నిలిపే గడులను సైతం పెట్టుబడి పథకంగా మార్చి, ఒక్కొక్క గడిని విడివిడిగా మదుపుదారులకు అమ్మారు. ఇక్కడ అభిమానిని పూర్తిగా నిర్దోషిగా నిలబెట్టడం కూడా న్యాయం కాదు. అప్పుచేసి పప్పుకూడు వడ్డిస్తున్న రోజుల్లో ఆ విస్తరి ముందు కూర్చున్నవారిలో స్టాండ్లలోని జనమూ ఉన్నారు. కొత్త ఆటగాడు ఎవరని అడిగినంత ఉత్సాహంగా, అతని జీతం ఎక్కడి నుంచి వస్తుందని ఏ ఊళ్ళోనూ అభిమానులు అడగరు.

2018 డిసెంబరులో డే తన వాటాలను స్టీవ్ డేల్ అనే మరో వ్యాపారికి ఒక్క పౌండుకు అమ్మాడు. ఇటువంటి అమ్మకాల్లో ధర నామమాత్రంగా ఉండడానికి కారణం, కొన్నవాడు ఆస్తితోపాటు అప్పులన్నింటినీ నెత్తిన వేసుకోవడమే. కాబట్టి అతని దగ్గర ఆ అప్పులు తీర్చి జట్టును నడిపే స్తోమత ఉందా అన్నదే తేల్చుకోవలసిన సంగతి. ప్రీమియర్ లీగుకు దిగువన ఉన్న మూడు డివిజన్లలోని 72 క్లబ్బులను నడిపే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ అప్పట్లో కొత్త యజమానికి ప్రధానంగా పెట్టిన పరీక్ష, అతనికి అనర్హత కలిగించే నేరశిక్షలో దివాలా చరిత్రో ఉన్నాయా అని చూసేది. నిధుల రుజువు లీగు చేతికి అందకముందే యాజమాన్యం చేతులు మారిపోయింది. అసలు బెరీలో ఫుట్‌బాల్ క్లబ్బు ఉన్న సంగతే కొనడానికి ముందు తనకు తెలియదని ఆ కొత్త యజమాని తర్వాత రేడియోలో చెప్పినప్పుడు, పట్టణం నివ్వెరపోయింది.

విచిత్రమేమంటే ఆ ఏడాది జట్టు చక్కగా ఆడింది. ఆటగాళ్ళకూ సిబ్బందికీ జీతాలు సకాలంలో అందని వసంతంలోనే, రయాన్ లో శిక్షణలోని జట్టు నాలుగో అంచెలో రెండో స్థానంలో నిలిచి మూడో అంచెకు ఎగబాకింది. ఏప్రిల్ 30న ట్రాన్మీర్ జట్టు మైదానంలో పై అంచె ఖాయమైన రాత్రి సంబరాలు చేసుకున్నవారికి, క్లబ్బు పాత బాకీల మీద కోర్టు వ్యవహారాలు నడుస్తున్నాయని తెలియక కాదు. వేసవిలో కోచ్ వెళ్ళిపోయాడు, ముఖ్యమైన ఆటగాళ్ళు అనేకులు వెళ్ళిపోయారు.

జూలైలో యజమాని ఋణదాతల అంగీకార ఒప్పందం అనే చట్టబద్ధమైన మార్గాన్ని ఆశ్రయించాడు. అప్పులు తీర్చలేని కంపెనీ, తన ఋణదాతల్లో నిర్ణీత మెజారిటీని ఒప్పించి, బాకీలో కొంత భాగం మాత్రమే చెల్లించి మూతపడకుండా బయటపడే పద్ధతి ఇది. ఫుట్‌బాల్ నియమాల ప్రకారం ఆటగాళ్ళకూ ఇతర క్లబ్బులకూ బాకీ మొత్తం చెల్లించి తీరాలి; మిగిలినవారికి, అంటే పన్నుల శాఖ మొదలు చిన్న సరఫరాదారుల వరకు, పౌండుకు పావు వంతు దక్కేటట్టు ఒప్పందం కుదిరింది. క్లబ్బుకు సరుకు అరువిచ్చిన స్థానిక వర్తకుడు ముప్పావు వంతు వదులుకోవాలి, లక్షలు తీసుకునే ఆటగాడు ఏదీ వదులుకోనక్కరలేదు. ఈ నియమం లీగు క్లబ్బుల మధ్య నమ్మకాన్ని నిలబెట్టడానికి పుట్టినదే అయినా, ఊరి క్లబ్బు మీద అభిమానంతో బాకీ పెట్టనిచ్చిన మనిషికి అది చేసే అన్యాయం చిన్నది కాదు. ఒప్పందానికి శిక్షగా లీగు, సీజన్ మొదలు కాకముందే 12 పాయింట్లు కోత పెట్టింది.

ఆగస్టు 3న జరగవలసిన మొదటి మ్యాచ్ ఎంకే డాన్స్‌తో. 2003లో లండన్ నుంచి వింబుల్డన్ అనే క్లబ్బును మిల్టన్ కీన్స్ పట్టణానికి తరలించి, మరుసటి ఏడు పేరు మార్చగా ఏర్పడిన జట్టు అది. ఆ తరలింపును ఒప్పుకోని అభిమానులు 2002లోనే సొంతంగా మరో క్లబ్బు పెట్టుకున్నారు. బెరీ జట్టును నడిపే డబ్బు ఉందని రుజువు చూపేవరకు ఆడనివ్వబోమని లీగు ఆ మ్యాచ్‌ను నిలిపివేసింది. తర్వాతి వారం మరొకటి, ఆ తర్వాత ఇంకొకటి, ఇలా ఒకదాని వెనుక ఒకటి ఆగిపోయాయి. ఈలోగా లీగు సభ్యత్వ రద్దు నోటీసు ఇచ్చి 23వ తేదీని గడువుగా పెట్టింది. జీవితంలో ఎక్కువ భాగం ఇదే క్లబ్బుకు ఇచ్చిన లెస్ హార్ట్ పేరున గిగ్ లేన్‌లో ఒక స్టాండు ఉంది. ఆయన కుమార్తె, ఒకప్పటి డైరెక్టరు జాయ్ హార్ట్ ఆ రోజుల్లోనే మైదానం కార్యాలయం గోడకు ఉన్న వర్షపు నీటి గొట్టానికి తన చేతిని సంకెళ్ళతో బిగించుకొని నిరసన తెలిపారు. గడువు ముగిసే వేళకు సి అండ్ ఎన్ స్పోర్టింగ్ రిస్క్ అనే సంస్థ కొనడానికి ముందుకు రావడంతో, లీగు 27వ తేదీ సాయంత్రం ఐదు గంటల వరకు మరికొంత వ్యవధి ఇచ్చింది.

ఆ 27వ తేదీ ఉదయాన్ని మాత్రం నిదానంగా చూడవలసి ఉంది. శనివారం డాన్‌కాస్టర్ రోవర్స్‌తో సొంత మైదానంలో మ్యాచ్ జరగవచ్చునన్న ఆశతో, వారాల తరబడి పట్టించుకునేవారు లేక దుమ్ము పేరుకున్న గిగ్ లేన్‌ను శుభ్రం చేయడానికి క్లబ్బు స్వచ్ఛంద సేవకులను పిలిచింది, వందలాదిమంది వచ్చారు. చీపుళ్ళు, బకెట్లు, తుడుపుగుడ్డలు ఎవరివి వారే తెచ్చుకున్నారు. కుర్చీలు వరుసగా తుడిచారు, మెట్ల సందుల్లో మొలిచిన కలుపు పీకారు. వాళ్ళలో ఒక్కరికీ అమ్మకపు పత్రాల మీద సంతకం పెట్టే అధికారం లేదు. గడువుకు గంటన్నర ముందు, క్లబ్బు లెక్కలు తాము అనుకున్నదానికంటే చిక్కుగా ఉన్నాయంటూ కొనుగోలుదారులు తప్పుకున్నారు. రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో బహిష్కరణ ప్రకటన వెలువడింది. 125 ఏళ్ళ లీగు సభ్యత్వం అక్కడితో ముగిసింది. 1992లో మెయిడ్‌స్టోన్ యునైటెడ్ తర్వాత ఇంగ్లిష్ లీగు ఇలా పోగొట్టుకున్న మొదటి క్లబ్బు బెరీ. మరునాడే, ఇదే చిక్కుల్లో ఉన్న పొరుగు పట్టణపు బోల్టన్ వాండరర్స్‌ను కొత్త యజమానులు కొనడంతో ఆ క్లబ్బు గట్టెక్కింది. మూడో అంచె ఆ ఏడాది 24 బదులు 23 జట్లతో నడిచింది.

లీగు వాదనను తోసిపుచ్చలేము. డబ్బులేని క్లబ్బును ఆడనిస్తే అది నడుమలో కూలిపోయి, తక్కిన జట్ల ఫలితాలన్నింటినీ తారుమారు చేసే ప్రమాదం ఉంది; నిబంధనలకు కట్టుబడిన 71 క్లబ్బుల పట్ల లీగుకు బాధ్యత ఉంది. అయితే స్తోమత గురించిన ప్రశ్నను డిసెంబరులో, తలుపు దగ్గర, వచ్చినవాణ్ణి నిలబెట్టి అడగవలసింది. ఎనిమిది నెలల తర్వాత ఇల్లు కాలుతుండగా అడిగారు. తప్పు చేసినది వాటాదారు అయినప్పుడు శిక్షను వాటాదారు మోయాలి. ఇక్కడ వాటాదారు వాటాలకు పెట్టినది ఒక్క పౌండు కాగా, లీగులో చోటు పోగొట్టుకున్నది కుర్చీలు తుడిచినవారు.

తర్వాతి కథలో అభిమానుల ఐక్యతను వెతికేవారికి నిరాశ తప్పదు. ఒక వర్గం పాత కంపెనీతో తెగతెంపులు చేసుకొని, ప్రతి సభ్యునికీ ఒక ఓటు చొప్పున నడిచే బెరీ ఏఎఫ్‌సీ అనే కొత్త క్లబ్బును స్థాపించి, 2020లో పదో అంచె నుంచి, పక్కనున్న రాడ్‌క్లిఫ్‌లో అద్దె మైదానంలో ఆడించింది. మరో వర్గానికి గిగ్ లేన్ లేని బెరీ బెరీయే కాదు. వారు నిధులు కూడగట్టి, ప్రభుత్వం ఇచ్చిన పది లక్షల పౌండ్ల తోడ్పాటుతో 2022 ఫిబ్రవరిలో మైదానాన్నీ క్లబ్బు పేరునూ కొనుగోలు చేశారు. ఒకరి దగ్గర జట్టు ఉంది, మరొకరి దగ్గర మైదానం ఉంది. అయినా కలవడానికి ఓటింగు పెడితే మొదటిసారి కావలసిన మెజారిటీ రాలేదు. ఒక ఇంట్లోనే రెండు వైపులా ఓట్లు పడ్డ రోజులవి. 2023లో రెండో ఓటింగు నెగ్గాక, బెరీ ఫుట్‌బాల్ క్లబ్బు అన్న పేరుతో జట్టు తొమ్మిదో అంచెలో గిగ్ లేన్‌కు తిరిగి వచ్చింది; 2025లో ఛాంపియన్‌గా ఎనిమిదో అంచెకు ఎక్కింది.

బెరీ ఉదంతం రాజకీయ పక్షాలను కదిలించింది. మాజీ క్రీడా మంత్రి ట్రేసీ క్రౌచ్ నేతృత్వంలో, అభిమానుల అభిప్రాయాలు ప్రధానంగా సాగిన సమీక్ష 2021 నవంబరులో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా రూపొందిన ఫుట్‌బాల్ పాలనా చట్టం 2025 జూలైలో రాజామోదం పొందింది. క్లబ్బులకు లైసెన్సులు ఇచ్చే స్వతంత్ర నియంత్రణ సంస్థను ఈ చట్టం నెలకొల్పుతుంది. ఆ సంస్థ కొత్త యజమానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో ముందే పరిశీలిస్తుంది, అనుమతి లేకుండా మైదానాన్ని అమ్మడాన్నీ క్లబ్బును మరో చోటికి తరలించడాన్నీ అడ్డుకుంటుంది, జట్టు రంగులూ చిహ్నమూ మార్చేముందు అభిమానుల మాట వినాలంటుంది. చట్టం పరిధి పై ఐదు అంచెల వరకే. చట్టం వచ్చేనాటికి ఎనిమిదో అంచెలో ఉన్న బెరీ ఆ పరిధిలోకి రాలేదు.

ఈ సంగతులు తెలుగు పాఠకుడికి దూరపువి అనిపించనక్కరలేదు. బెరీ బహిష్కరణకు గురైన ఆ ఆగస్టు చివరి వారంలోనే, ఆర్థిక ఇబ్బందులతో మూతపడ్డ పుణె క్లబ్బు స్థానంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టింది. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచిన నగరానికి, దశాబ్దాల తర్వాత దేశంలోని పై అంచె ఫుట్‌బాల్ తిరిగి వచ్చింది. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీ షూటౌట్‌లో, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు షాట్లు అడ్డుకోవడంతో, జట్టు ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయింది. కోవిడ్ కారణంగా ఆ సీజనంతా గోవాలోనే సాగడం వల్ల గచ్చిబౌలి స్టేడియంలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. రెండేళ్ళు తిరక్కముందే జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్ళను తీసుకోకుండా అంతర్జాతీయ సమాఖ్య విధించిన నిషేధం, నడి సీజన్లో ఆటగాళ్ళ వలస, పట్టికలో అట్టడుగు స్థానం. ఆ తర్వాత చేతులు మారిన క్లబ్బు 2025లో స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకొని రాజధానికి తరలిపోయింది. జట్టును ఇక్కడే నిలవనివ్వమని అడగడానికి ఇక్కడి అభిమానులకు ఏ వేదికా లేదు. 2025లోనే మన పార్లమెంటు చేసిన జాతీయ క్రీడా పాలన చట్టం సమాఖ్యల నిర్వహణకు సంబంధించినదే గాని, ప్రైవేటు క్లబ్బుల యజమానులకు సంబంధించినది కాదు. హైదరాబాదుకు రేపు మరో క్లబ్బు వస్తే, కండువా కొనేముందు అభిమానులు అడగవలసిన ప్రశ్నలు రెండు: యజమాని డబ్బు ఎక్కడిది, జట్టును ఊరు దాటించే హక్కు ఎవరి చేతిలో ఉంది. లీగు నిర్వాహకులు ఆ రెండింటికీ రాతపూర్వకంగా జవాబు ఇచ్చిన తర్వాతే సీజన్ టికెట్లు అమ్మాలి.