కంప్యూటరుకు తలవాకిటి తాళము

నకిరేకల్ మండలములోని చందుపట్లలో 1289వ సంవత్సరపు శిలాశాసన మొకటి కలదు. కాకతీయ రుద్రమదేవి మరణమును తెలుపు శాసనమది. నలుగురు చదువుటకే చెక్కించినది గనుక దానికి తాళముతో పనిలేకపోయెను. పంచాయతీ కాగితములలో అనేకము అట్టివే. బడ్జెటు, తీర్మానములు, పనుల వివరములు గ్రామసభ ముందుంచవలసినవి. కాని పింఛను కోరిన వృద్ధురాలి ఆధారు నకలు, ఆమె బ్యాంకు పుస్తకపు పుట, చెల్లింపులకు వాడు డిజిటల్ సంతకము అట్టివి కావు.

2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ ప్రారంభమైన పిదప ఫైనాన్సు కమిషను నిధుల లెక్కలు, చెల్లింపులు దాని ద్వారా జరుగుట వాడుకలోనికి వచ్చినది. ఆఫీసులో కరెంటు లేని దినమున ఈ పని సభ్యుని ఇంటి కంప్యూటరు మీదికి వచ్చును. దానిమీదనే పిల్లలు పాఠములు చూతురు; పొరుగువారు దరఖాస్తులు నింపుకొందురు.

విండోస్ అడుగు పాస్‌వర్డు ఉన్నది కదా యని కొందరందురు. అది లోపలి గది తలుపు మాత్రమే. వేరొక వ్యవస్థను పెన్‌డ్రైవులో తెచ్చి, దానితో యంత్రమును ఆరంభించినవానికి విండోస్‌తో పనియే లేదు. డిస్కులోని కాగితములను నేరుగా చూడగలడు. విండోస్ మేల్కొనక ముందే యంత్రము తానుగా అడుగు పాస్‌వర్డు తలవాకిటి తాళము వంటిది.

దానిని పెట్టు విధమిది. స్విచ్చి వేసిన వెంటనే, తయారీదారు గుర్తు తెరపై కనబడుచుండగా ఎఫ్2 గాని, డిలీట్ గాని, కొన్నిటిలో ఎఫ్10 గాని పలుమారులు నొక్కవలెను. తెరచుకొన్న పుటలో సెక్యూరిటీ అను భాగము కలదు. అచ్చట సామాన్యముగా రెండు పాస్‌వర్డులుండును. అడ్మినిస్ట్రేటరు, లేక సూపర్‌వైజరు, అనునది ఈ పుటలోని అమరికలను కాపాడును. యూజరు, లేక పవర్-ఆన్, అనునది యంత్రము ఆరంభమైన ప్రతిసారి అడుగును. మొదటిది మాత్రమే పెట్టి, అడుగుట లేదేమని చింతించువారు కలరు. రెండును పెట్టుట మేలు. ఈ పుటలో తెలుగు అక్షరములు పనిచేయవు. పొంతనలేని రెండు మూడు తెలుగు మాటలను ఆంగ్లాక్షరములలో కూర్చినచో చాలును. కొన్ని పాత యంత్రములు ఎనిమిది అక్షరములకు మించి అంగీకరింపవు. ఊరిపేరు, పుట్టిన సంవత్సరము వలదు. వాటిని ఊరంతయు ఎరుగును.

మరచినచో ఏమి గతి? పాత మేజా కంప్యూటర్లు పెక్కింటిలో లోపలి నాణెమంత బ్యాటరీని కొంతసేపు తీసియుంచిన పాస్‌వర్డు చెరిగిపోవును. అనగా పెట్టె విప్పగల దొంగకును అది అడ్డు కాదు. కొత్త లాప్‌టాప్‌లలో ఈ ఉపాయము సాగదు. కొన్న రసీదుతో కంపెనీ సర్వీసు కేంద్రమునకు పోవలసియుండును. కావున పాస్‌వర్డును కాగితముపై వ్రాసి, కవరులో అంటించి, బీరువాలో ఉంచవలెను. తెర అంచునకు అంటించిన చీటీలను మేము చూచియున్నాము. తాళంచెవిని తలుపునకే వ్రేలాడదీయుట వంటిదది.

డిస్కును ఊడదీసి వేరొక యంత్రమునకు తగిలించువానిని ఈ తాళము ఆపలేదు. దానికి బిట్‌లాకర్ వంటి గూఢలిపి ఏర్పాటు కావలెను. దాని 48 అంకెల రికవరీ కీ కూడ ఆ కవరులోనే ఉండవలెను.

డిజిటల్ సంతకపు టోకెను సంగతి వేరు. పని ముగియగానే దానిని ఊడదీసి, సంతకము గలవారే తమయొద్ద ఉంచుకొనవలెను. ఇద్దరి సంతకములు కావలెనను నియమము ఒకరి పనిని మరొకరు చూచుటకే ఏర్పడినది. రెండు టోకెన్లను, వాటి పిన్‌లను ఒకే ఆపరేటరు చేతికిచ్చినచోట ఆ రక్షణ కాగితముపై మాత్రమే మిగులును. ఇతరుల ఎలక్ట్రానిక్ సంతకమును గాని పాస్‌వర్డును గాని మోసముతో వాడినవారికి, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టపు 66-సి సెక్షను క్రింద మూడేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జుల్మానా కలవు. కాని పోయిన సొమ్మునకు గ్రామసభలో జవాబు చెప్పవలసినవారు సంతకము గలవారే.

తాళము పెట్టు పనిని తీరిక దినమున, పగటిపూట చేయుడు. యంత్రమును ఒకసారి ఆపి మరల ఆరంభించి, కొత్త పాస్‌వర్డు పనిచేయుట కన్నులార చూచిన పిదపనే కవరును అంటింపుడు.